ఇంట్లోనే సాధన గద: పాత జీన్స్ ప్యాంటుతో ఒకటి, సిమెంటు బంతితో ఇంకొకటి

రోకలిని మధ్యలో పట్టుకుని ఎత్తండి, పెద్ద బరువేం అనిపించదు. అదే రోకలిని ఒక చివర పట్టుకుని అడ్డంగా లేపి చూడండి, మణికట్టు మెలి తిరిగిపోతుంది. గద మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది. బరువంతా ఒక కొసన, చెయ్యి ఇంకో కొసన. 4 కిలోల డంబెల్‌ని చాలామంది ఆడుతూ పాడుతూ ఎత్తేస్తారు, కానీ అదే 4 కిలోలు పిడికిలికి 90 సెంటీమీటర్ల దూరంలో ఉంటే భుజాలు, ముంజేతులు, వీపు, నడుము అన్నీ కలిసి పట్టుకోవాలి, లేకపోతే మీరు గదని తిప్పడం పోయి గద మిమ్మల్ని తిప్పుతుంది.

ఇనపగద కొనొచ్చు, కానీ తిప్పడం మీకు నచ్చుతుందో లేదో తెలియకుండా డబ్బులు పెట్టడం ఎందుకు? పాతకాలం వస్తాదులు వెదురు కర్రకి రాతి గుండు బిగించి తిప్పారు, అంతకుమించిన సాంకేతికత ఇందులో ఏమీ లేదు. ఇంట్లో మూలనపడున్న సామానుతో పని అయిపోతుంది.

ఒక్క విషయం మాత్రం ముందే బుర్రలో పెట్టుకోండి. బరువు ఎక్కడైనా దొరుకుతుంది, ఇసుక, రాయి, సిమెంటు, ఏదైనా బరువే. అసలు కష్టమంతా గద మెడ దగ్గర, అంటే తల కర్రని పట్టుకుని ఉండే చోట. నేను చేసిన మొదటి గద చీపురు కర్ర, దాని చివర ఇసుక నింపిన కూల్‌డ్రింక్ సీసా, దాని మీద ఒక రోల్ టేపు మొత్తం. చూడ్డానికి భలే గట్టిగా కనిపించింది. మూడో రోజు వెనక్కి తిప్పుతుంటే చేతిలో బరువు హఠాత్తుగా మాయమైంది, ఒక్క క్షణం తర్వాత వెనక గోడ దగ్గర ధబేల్ మని చప్పుడు. చూస్తే సీసా పగిలి ఇసుక చెల్లాచెదురుగా ఉంది, నా చేతిలో ఉత్త కర్ర ఉంది. అటు పక్కన ఎవరూ లేరు కాబట్టి ఇవాళ నవ్వుకుంటున్నాను. టేపు ఎంత చుట్టినా టేపే, అది జారే దాన్ని కొంచెం ఆలస్యం చేస్తుంది అంతే.

అసలు మెడ మీద ఎంత లాగుడు పడుతుంది

చిన్న లెక్క చూద్దాం, భయపడకండి. 4 కిలోల తల, చేతి నుంచి 90 సెంటీమీటర్ల దూరం, ఒక చుట్టు తిరగడానికి సెకనున్నర పట్టిందనుకోండి. ఆ వేగానికి తల బయటికి లాగే బలం సుమారు ఆరున్నర కిలోల బరువుతో సమానం. తల కింద భాగంలో ఉన్నప్పుడు దాని సొంత బరువు 4 కిలోలు కూడా అటే తోడవుతుంది, అంటే పదిన్నర. ఇక ఊపు వచ్చి చుట్టు ఒక్క సెకనులో పూర్తయితే ఈ లెక్క పద్దెనిమిదిన్నర కిలోల దాకా పోతుంది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే బయటికి లాగే బలం రెండుంబావు రెట్లు పెరుగుతుంది, అందుకే నెమ్మదిగా తిప్పినన్నాళ్లూ బుద్ధిగా ఉన్న గద ఒకరోజు మీరు హుషారుగా ఉన్నప్పుడే ఊడిపోతుంది.

కాబట్టి కింద చెప్పే రెండు పద్ధతుల్లోనూ సూత్రం ఒకటే. తలని అతికించం, కట్టి ఊరుకోం. కర్రకి అడ్డంగా ఒక బోల్టు దిగ్గొట్టి, తల బయటికి జారాలంటే ఆ బోల్టుని దాటి వెళ్లాల్సి వచ్చేలా చేస్తాం.

కర్ర సంగతి

చీపురు కర్ర, మాప్ కర్ర వద్దు. అవి సన్నం, చాలావాటికి లోపల డొల్ల. పార పిడి లాంటి కర్ర కావాలి, 3 నుంచి మూడున్నర సెంటీమీటర్ల మందం, నిట్టనిలువు నార ఉన్నది. కర్రని కంటి దగ్గర పెట్టుకుని తుపాకీ గురి చూసినట్టు చూడండి, వంకర ఉంటే అక్కడే తెలుస్తుంది. ముడి ఉన్న చోట విరుగుతుంది, ముఖ్యంగా తల వైపు ఉండే 30 సెంటీమీటర్లలో ముడి ఉంటే ఆ కర్ర పక్కన పెట్టేయండి. ఒక కొస నేలకి ఆనించి మధ్యలో మోకాలు పెట్టి గట్టిగా వంచి చూడండి. చిటపటమంటే అది పొయ్యిలోకి.

వెదురైతే గట్టి వెదురు, లోపల బోలు తక్కువగా ఉన్నది మాత్రమే. ముప్పావు అంగుళం జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనప పైపు) కూడా బాగుంటుంది, కానీ దాని బరువు మర్చిపోవద్దు, 110 సెంటీమీటర్ల ముక్కే కిలోన్నర దాటుతుంది. అదే కొలత చెక్క కర్ర ముప్పావు కిలో లోపే. పీవీసీ పైపు మాత్రం వద్దే వద్దు, ఊపుకి వంగుతుంది, ఎండకి పెళుసెక్కుతుంది, ఒకరోజు చెప్పకుండా పుటుక్కుమంటుంది.

పొడవు ఎంత అంటే, నిలబడి నేల నుంచి మీ బొడ్డు దాకా. చాలామందికి 100 నుంచి 110 సెంటీమీటర్లు వస్తుంది. సందేహం ఉంటే పొడుగ్గానే ఉంచండి. పొడవు ఎక్కువైతే చెయ్యి పైకి జరిపి పట్టుకుని తిప్పొచ్చు, తర్వాత కోసుకోవచ్చు కూడా.

కర్ర మొత్తాన్ని గరుకు కాగితంతో రుద్దండి, ముందు ముతకది, తర్వాత సన్నది. ఇది బద్ధకించే చోటు కాదు, తిప్పేటప్పుడు అరచేయి కర్ర మీద జారుతూ ఉంటుంది, పేడు గుచ్చుకుంటే వారం రోజులు గద ముట్టుకోలేరు. పాత గుడ్డతో కర్రని తుడిచి చూడండి, దారం ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ ఇంకా రుద్దాలి. వార్నిష్ వేయకండి, చెమట పట్టిన చేతికి అది సబ్బులా ఉంటుంది.

మొదటి గద: జీన్స్ ప్యాంటు, ఇసుక

ఇది ఒక సాయంత్రం పని. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను ఇదే చెబుతాను, ఎందుకంటే మొదటి నెలలో మీరు గదతో కనీసం పదిసార్లు మీ వీపు మీద మీరే కొట్టుకుంటారు, అప్పుడు అది సిమెంటు కాకపోతేనే మంచిది.

కావలసినవి: పాత జీన్స్ ప్యాంటు, రెండు మందపాటి పాలిథిన్ కవర్లు, రెండు కిలోల ఇసుక, 6 మిల్లీమీటర్ల బోల్టులు రెండు (ఒక్కోటి 7 సెంటీమీటర్ల పొడవు, నట్లు వాషర్లతో), పనికిరాని సైకిల్ ట్యూబు ఒకటి, కొంచెం ఇన్సులేషన్ టేపు.

ముందు ఇసుకని జల్లించి ఎండలో ఆరబెట్టండి. తడి ఇసుక అనవసరంగా బరువు చూపిస్తుంది, తర్వాత ఆరిపోయి కుంగిపోతుంది, తల వదులవుతుంది, పైగా గుడ్డ పాచిపోయి వాసన. అరచేతిలో పోసుకుని ఊదితే దుమ్ము లేవాలి, అప్పుడు సరే. పొడి ఇసుక లీటరుకి దాదాపు కిలో అరవై ఉంటుంది, కాబట్టి రెండు కిలోలకి లీటరుంబావు సరిపోతుంది.

ఇప్పుడు కర్రకి తల వైపు కొస నుంచి 12 సెంటీమీటర్లు కొలిచి గుర్తు పెట్టి, అక్కడ కర్రకి అడ్డంగా అటు నుంచి ఇటు 6 మిల్లీమీటర్ల బెజ్జం వేయండి. డ్రిల్లు లేకపోతే కార్పెంటర్ దగ్గర ఒక్క నిమిషం పని. బెజ్జాన్ని మరీ కొస దగ్గర వేయకండి, కర్ర చీలుతుంది. పిడి వైపు కూడా కొస నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర ఇంకో బెజ్జం. రెండింట్లోనూ బోల్టులు దూర్చి వాషర్ పెట్టి నట్టు బిగించండి. తల వైపు బోల్టు రెండు పక్కలా సమానంగా, సెంటీమీటరున్నర పైగా బయటికి పొడుచుకుని ఉండాలి. దాని మొనల మీద నాలుగైదు చుట్లు టేపు వేయండి, లేకపోతే లోపలి నుంచి కవర్‌ని అదే చింపుతుంది.

జీన్స్ రెండు కాళ్ల కింది భాగాలు, ఒక్కోటి 40 సెంటీమీటర్లు, కత్తిరించండి. తిరగేసి ఒక కొసని దగ్గరికి లాగి కుట్టేయండి, కుట్టు మిషన్ ఉంటే రెండు వరుసలు, లేకపోతే గోనె సూది దారంతో. మళ్లీ తిప్పేసి ఒకదాంట్లో ఒకటి దూర్చండి. రెండు పొరల సంచి వస్తుంది.

ఇక్కడ ఇద్దరుంటే మేలు. ఒకరు కర్రని తల వైపు కొస కిందికి ఉండేలా నిలువుగా పట్టుకోవాలి. ఆ కొస పాలిథిన్ కవర్ అడుగున, మధ్యలో ఉండాలి, కానీ అడుగుని తాకకూడదు, రెండు వేళ్ల ఎత్తులో వేలాడాలి. రెండోవాళ్లు చుట్టూ ఇసుక పోయాలి. ఒక గ్లాసు పోయడం, కవర్ పక్కల్ని అరచేతులతో తట్టడం, సన్నటి పుల్లతో కూరడం, మళ్లీ గ్లాసు. వదులుగా ఉన్న ఇసుక తిప్పేటప్పుడు లోపల కొట్టుకుంటుంది, గద మధ్యలో ఒక కుదుపు ఇస్తుంది, ఆ కుదుపు నేరుగా భుజం కీలుకి తగులుతుంది. బోల్టుకి ఒక వేలు కింద దాకా ఇసుక రాగానే ఆపేసి, కవర్‌ని మెలిపెట్టి బోల్టుకి పై వైపున, అంటే చేతి వైపున, కర్రకి టేపుతో చుట్టేయండి. రెండో కవర్ కూడా అంతే. దాని మీద జీన్స్ సంచి.

ఇప్పుడు అసలు కట్టు. సైకిల్ ట్యూబుని రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా పొడవునా కోయండి. సంచి మూతిని కర్ర చుట్టూ కుచ్చిళ్లు పెట్టినట్టు దగ్గరికి చేర్చి, బోల్టుకి సరిగ్గా పైన, పట్టీని దాని పొడవుకి రెట్టింపు సాగేలా లాగి లాగి చుట్టండి. ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పాలి. పన్నెండు చుట్లన్నా పడాలి. చివరి మూడు చుట్లు వేసేటప్పుడు కింద ఒక పెన్ను పెట్టి, చుట్టడం అయ్యాక పెన్ను తీసేసి ఆ సందులోంచి పట్టీ కొసని దూర్చి లాగితే ముడి అక్కర్లేదు, దానంతట అది బిగుసుకుంటుంది. రబ్బరు ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే నేను ఒకసారి తప్పుగా కట్టి విప్పబోతే గోళ్లు విరిగాయి తప్ప అది రాలేదు, చివరికి బ్లేడుతో కోశాను.

అక్కడితో ఆపొద్దు. కట్టుకి పైన మిగిలిన జీన్స్ గుడ్డని తిరగేసి, కట్టు మీదుగా తల వైపుకి మడిచి, దాని మీద రెండో పట్టీతో ఇంకోసారి చుట్టండి. ఈ మడతే ప్రాణం. గుడ్డ జారాలంటే ఇప్పుడు రెండు కట్లనీ దాటాలి, బోల్టునీ దాటాలి. పిడి వైపు బోల్టు మీద మిగతా ట్యూబుని నిమ్మకాయంత గుబ్బ తయారయ్యేదాకా చుట్టండి. చెయ్యి జారి కొసకి వచ్చినా ఈ గుబ్బ దగ్గర ఆగుతుంది.

మొత్తం బరువు చూడాలంటే మామూలు బరువు మిషన్ మీద గదతో ఒకసారి, లేకుండా ఒకసారి నిలబడి తీసేయండి. రెండున్నర నుంచి మూడు కిలోలు వస్తుంది. తక్కువేం కాదు, తిప్పాక తెలుస్తుంది.

రెండో గద: సిమెంటు బంతి

జీన్స్ గదని నెలా రెండు నెలలు తిప్పాక ఇది. అచ్చుగా పాత రబ్బరు బంతి వాడతాం, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బంతి కొంచెం పెద్దదైతే బరువు కొంచెం పెరగదు, విపరీతంగా పెరుగుతుంది. కాంక్రీటు లీటరుకి 2.3 నుంచి 2.4 కిలోలు. 12 సెంటీమీటర్ల అడ్డుకొలత బంతిలో 2 కిలోలు పడుతుంది. 15 సెంటీమీటర్లయితే 4. 18 అయితే 7. పెద్దవాళ్లు ఆడే ఫుట్‌బాల్ 22 సెంటీమీటర్లు, అందులో పోస్తే 13 కిలోలు, అది గద కాదు, తలుపుకి అడ్డం పెట్టుకోవాలి. 15 సెంటీమీటర్ల బంతి చాలు. కొలవాలంటే బంతి చుట్టూ దారం చుట్టి, ఆ పొడవుని 3.14తో భాగించండి. 15 సెంటీమీటర్ల బంతికి దారం 47 సెంటీమీటర్లు వస్తుంది.

కర్ర 110 సెంటీమీటర్లు. దీనికి తల వైపు రెండు బెజ్జాలు, కొస నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 8 దగ్గర ఇంకొకటి, ఒకదానికొకటి అడ్డంగా, పై నుంచి చూస్తే ప్లస్ గుర్తులా. రెండింట్లోనూ 6 మిల్లీమీటర్ల బోల్టులు, ఈసారి 8 సెంటీమీటర్ల పొడవువి. రెండు బోల్టులూ కలిసి తల ఊడకుండా, కర్ర చుట్టూ గిర్రున తిరగకుండా ఆపుతాయి. కింది బోల్టు కొసకి దగ్గరగా ఉంది కాబట్టి బెజ్జం వేసేముందు కర్ర కొసకి బైండింగ్ వైరు నాలుగు చుట్లు బిగిస్తే చీలిక భయం ఉండదు.

చెక్క కర్ర వాడితే ఇది తప్పనిసరి: కాంక్రీటులో మునిగే భాగం, బోల్టులు పెట్టకముందే, పెయింటు రెండు కోట్లు వేసి ఆరనివ్వండి, లేదా కరిగించిన కొవ్వొత్తి మైనం పట్టించండి. ఎందుకంటే పచ్చి కాంక్రీటులో నీళ్లని చెక్క పీల్చుకుని ఉబ్బుతుంది, కాంక్రీటు ఆ ఉబ్బిన కర్ర చుట్టూ గట్టిపడుతుంది, తర్వాత చెక్క ఆరి సన్నబడుతుంది. అంతే, చుట్టూ వెంట్రుకవాసి సందు. నాది అలాగే అయింది, మూడు వారాలు బాగుండి తర్వాత ఊగే పన్నులా టక్ టక్ మనడం మొదలుపెట్టింది. జీఐ పైపుకి ఈ గొడవ లేదు, కాకపోతే కింది కొసని గుడ్డ కుక్కి మూసేయాలి, లేకపోతే కాంక్రీటు పైపులోకి ఎక్కుతుంది.

బంతిని కోయడం: పైన గుండ్రటి బెజ్జం కోస్తే కర్ర పడుతుంది కానీ బోల్టులు పట్టవు, బోల్టులు పట్టేంత కోస్తే మూతి పెద్దదైపోతుంది. అందుకని కర్ర మందం ఉన్న గుండ్రం కోసి, దాని నుంచి నాలుగు పక్కలకీ ప్లస్ ఆకారంలో మూడేసి సెంటీమీటర్లు గాట్లు పెట్టండి. రబ్బరు రేకుల్లా విచ్చుకుంటుంది, పని అయ్యాక మళ్లీ మూసుకుంటుంది. అడుగున సూదితో రెండు మూడు చిల్లులు పొడవండి, ఇరుక్కున్న గాలి పోవాలి.

కలపడం: పావు లీటరు గ్లాసుతో రెండున్నర గ్లాసుల సిమెంటు, ఐదు గ్లాసుల ఇసుక, ఐదు గ్లాసుల సన్న కంకర. ముందు పొడిగా రంగు ఒకేలా వచ్చేదాకా కలపండి. తర్వాత గ్లాసున్నర నీళ్లు, చాలకపోతే కొంచెం కొంచెం, రెండు గ్లాసులు దాటొద్దు. పల్చగా చేస్తే పోయడం సులువే కానీ ఎండాక బలం ఉండదు. చేతిలో ఉండ కడితే నిలవాలి, నొక్కితే పైన తడి మెరవాలి. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, కనీసం రెండు పాలిథిన్ కవర్లయినా తొడుక్కోండి. పచ్చి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది, ఆ రోజు తెలియదు, మర్నాడు మండుతుంది. కంట్లో పడితే వెంటనే చాలాసేపు నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి.

బంతిని ఒక బకెట్లో ఇసుక పోసి కుదురు మీద కుండ పెట్టినట్టు పెట్టండి, దొర్లదు. సగం దాకా కాంక్రీటు కూరి, కర్రని దింపి, మిగతాది చుట్టూ కూరండి. కర్ర కొస బంతి అడుగుకి రెండు సెంటీమీటర్ల పైన ఆగాలి. తర్వాత బకెట్ పక్కల్ని ఐదు నిమిషాలపాటు తట్టండి, పైకి బుడగలు వస్తాయి, ముద్ద కిందికి దిగుతుంది, ఇంకొంచెం పోయండి. నిండాక రబ్బరు రేకుల్ని మూసి టేపు వేయండి.

కర్ర నిట్టనిలువుగా ఉందో లేదో కంటితో తేల్చకండి. దారానికి ఒక నట్టు కట్టి పక్కన వేలాడదీసి చూడండి, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. వంకరగా ఉంటే గద చేతిలో ఎప్పుడూ ఒక పక్కకే తిరుగుతూ ఉంటుంది, దాన్ని సరిచేసే మార్గం లేదు. సరిగ్గా ఉన్నాక మూడు తాళ్లతో మూడు పక్కలకీ, కిటికీ ఊచకో కుర్చీకో, లాగి కట్టేయండి. మా ఇంట్లో ఇది హాలు మధ్యలో నిలబెట్టాను, మా అమ్మ రెండు రోజులు దాని చుట్టూ తిరిగి వెళ్తూ "ఏంట్రా, ఇంట్లో స్తంభం పాతావు" అని గొణిగింది.

రెండు రోజులు కదపొద్దు. మూడో రోజు తాళ్లు విప్పి, తల మీద తడి గోనె చుట్టి వారం రోజులు తడుపుతూ ఉండండి. రబ్బరు తొక్క ఒలిచేయకండి, అదే నేలనీ మీ మోకాలినీ కాపాడుతుంది, కాకపోతే అడుగు చిల్లులు, పైన గాట్లు ఉన్న చోట నీళ్లు చేరేలా చూడండి. కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజుల లెక్క వేస్తారు. అన్ని రోజులు ఆగమని నేనూ అంటాను, ఎవరూ ఆగరని నాకూ తెలుసు. కనీసం రెండు వారాలు.

తిప్పే ముందు పరీక్ష

ఇది వదిలేసి గద తిప్పడం మొదలుపెట్టొద్దు. పిడి వైపు గుబ్బ కింద గట్టి తాడు కట్టి (సిమెంటు గద పిడికి కూడా బోల్టు, ట్యూబు గుబ్బ చేశారనే అనుకుంటున్నాను) గదని చెట్టు కొమ్మకో దూలానికో తల కిందికి ఉండేలా వేలాడదీయండి. తల చుట్టూ ఉట్టి అల్లినట్టు తాడు వేసి దానికి 20 లీటర్ల నీళ్ల బకెట్ తగిలించండి. బకెట్ నేలకి జానెడు ఎత్తులోనే ఉండాలి, కింద కాళ్లు పెట్టకూడదు. జీన్స్ గదకి ఇది చాలు. సిమెంటు గదకి ఇంకో సగం బకెట్ కలపండి, 30 కిలోలు అవుతుంది, మనం పైన వేసుకున్న పద్దెనిమిదిన్నరకి ఒకటిన్నర రెట్ల పైనే. పెన్నుతో తల కర్రని కలిసే చోట ఒక గీత గీసి, పావుగంట వదిలేయండి. గీత కదలకపోతే పాస్. వెంట్రుకంత కదిలినా జీన్స్ గదైతే కట్టు విప్పి మళ్లీ కట్టండి, సిమెంటుదైతే మళ్లీ మొదటి నుంచి. బంకలు, ఎం-సీల్ లాంటివి కుక్కి సరిపెట్టకండి.

తర్వాత తలని రెండు చేతులతో పట్టుకుని కర్రని కాళ్ల మధ్య బిగించి మెలి తిప్పి చూడండి. తిరిగితే అది కూడా ఫెయిలే.

మొదటి వారాలు ఎలా తిప్పాలి

చోటు ముందు. చుట్టూ రెండున్నర మీటర్ల దాకా మనిషి, కుక్క, కారు, గాజు ఏమీ ఉండకూడదు, పైన కరెంటు తీగ, ఫ్యాను కూడా. మట్టి నేలయితే మంచిది. చెప్పులతో వద్దు, బూట్లయినా ఉత్త కాళ్లయినా పర్వాలేదు.

రెండు చేతులూ పిడి మీద, ఒకటి గుబ్బకి ఆనుకుని, ఇంకోటి దానికి జానెడు పైన. బరువు ఎక్కువనిపిస్తే రెండు చేతుల్నీ తల వైపుకి జరుపుకోండి, 20 సెంటీమీటర్లు జరిగినా ఎంత తేలికవుతుందో ఆశ్చర్యపోతారు. గద గొప్పదనం ఇదే, ఒక్క గదలోనే నాలుగు బరువులు ఉంటాయి.

మొదటి వారం ఒకటే పని. గదని ఎదురుగా నిలువుగా పట్టుకోవడం, తల పైకి, పిడి బొడ్డు దగ్గర. తలని మెల్లగా ఒక భుజం మీదుగా వెనక్కి వదలడం, గడియారం లోలకంలా వీపు వెనక అటు నుంచి ఇటు ఊగనివ్వడం, రెండో భుజం మీదుగా మళ్లీ ముందుకి తెచ్చుకోవడం. వెనక ఉన్నప్పుడు మోచేతులు పైకి చూడాలి, పిడికిళ్లు తల వెనక ఉండాలి. చేతులతో లాగొద్దు. గద తనంతట తను కిందికి పడుతుంది, పైకి లేస్తుంది, మీరు సరైన సమయంలో దారి చూపిస్తారంతే. లాగిన ప్రతిసారీ మర్నాడు భుజం మీకు చెబుతుంది. నడుము వెనక్కి విల్లులా వంగుతుంటే పొట్ట బిగించండి, పక్కటెముకలు కిందికి.

ఒక్కో వైపు పదేసి, మధ్యలో ఊపిరి తీసుకుని మూడుసార్లు, రోజు విడిచి రోజు. చేతులు మార్చడం మర్చిపోవద్దు, పైనున్న చెయ్యి కిందికి, కిందిది పైకి, అటు తిప్పినన్ని ఇటు. అలసిపోయి పట్టు వదులవుతోందంటే ఆ సెట్ అక్కడితో సరి, పది పూర్తి చేయాలనే పంతం వద్దు, గదలు చేతిలోంచి ఎగిరిపోయేది ఆ ఎనిమిదో తొమ్మిదో చుట్టులోనే. కండరం మంట మామూలే, కీలు లోపల సూదిలా పొడిస్తే మాత్రం ఆపేయాలి, తగ్గకపోతే చూపించుకోవాలి. పాత భుజం గాయం ఉన్నవాళ్లు మొదలుపెట్టేముందే డాక్టర్‌ని అడగండి.

రోజూ తీసేముందు తలని నేలకి నాలుగుసార్లు మెత్తగా తట్టి వినండి. గట్టి గద ఒకే చప్పుడు చేస్తుంది, దబ్ అని. వదులైనదానిలో ఆ దబ్ వెనకే చిన్నగా టిక్ అని రెండో చప్పుడు వస్తుంది. అది వినబడిన రోజు తిప్పకండి, పెన్ను గీత దగ్గరికి వెళ్లి చూడండి. వాడనప్పుడు తల కిందికి పెట్టి నీడలో మూలకి ఆనించండి, ఎండలో వదిలేస్తే ముందు ట్యూబు రబ్బరు పగుళ్లిస్తుంది, ఆరు నెలలకో సారి ఎలాగూ ఆ పట్టీలు మార్చాల్సిందే. సిమెంటు తల వదులైతే సుత్తితో పగలగొట్టండి, కళ్లకి అద్దాలు పెట్టుకుని. బోల్టులు, కర్ర దాదాపు ఎప్పుడూ మళ్లీ పనికొస్తాయి, నా మూడో గదలో ఉన్నది రెండోదాని కర్రే.